నాలుగు అంగుళాల చదరం

జూన్ 2, సోమవారం

అత్తా,

ఈ ఉత్తరం ఇవాళే రాయక తప్పడం లేదు. ఆసుపత్రి పెద్ద నర్సు గారు నీకిచ్చిన గడువు ఈ నెల ముప్పై. ఆలోగా నువ్వు కుట్టిన ఆ చొక్కా పేపర్ కటింగ్, అదే, పరిచి బట్ట కోసుకునే కాగితం, వాళ్ళ చేతికి అందాలి. దాని బొమ్మ మన ఇంట్లో, నీ కుట్టు మిషను పక్కనున్న కంప్యూటర్‌లో ఉంది. అది ఎక్కడ దాచానో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకేమో ఆగస్టు దాకా సెలవు లేదు. ఇంట్లో నెట్ లేదు కాబట్టి ఇక్కడి నుంచి నేను తీసే వీలూ లేదు. అంటే నువ్వే వెతకాలి.

నిన్న ఫోన్లో మనం పడ్డ పాట్లు తలుచుకుంటే నవ్వొస్తోంది. నేను "అక్కడ నొక్కు" అంటాను, నువ్వు "ఎక్కడ?" అంటావు, నేను "అదే, అక్కడ!" అని అరుస్తాను. చివరికి నువ్వు "కొలతలు గాల్లో చెబితే ఎవరు కుడతారే? కాగితం మీద రాసి పంపు" అని పెట్టేశావు. కోపం వచ్చింది కానీ నీ మాటే నిజం. కాగితమైతే పక్కన పెట్టుకుని ఒక్కో వరసా చదువుతూ నొక్కుకోవచ్చు.

అత్తా, నిన్న నువ్వు చెప్పినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు! చెప్పులు కుట్టే ఆయన కూతురికి చెయ్యి విరిగితే, సిమెంటు కట్టు మీదుగా చొక్కా దూరక ఆ పిల్ల ఏడుస్తుంటే, భుజం నుంచి నడుము దాకా పక్కన తెరుచుకునే చొక్కా కుట్టిచ్చావు. అదే చొక్కాతో ఆ పిల్ల ఆసుపత్రికి వెళ్తే నర్సులంతా చుట్టూ మూగారట! ఆ వార్డులో ఇప్పటిదాకా కట్లున్న పిల్లల చొక్కాలు కత్తెరతో కోసి తీస్తున్నారట. ముప్పై దాటితే వాళ్ళు ఏడాదికి సరిపడా పాత రకం గౌన్లే కుట్టించేస్తారు. మనం దాటనివ్వకూడదు.

నువ్వెప్పుడూ బట్ట మీదే సుద్దతో గీసి కోసేస్తావు. ఆసుపత్రి కుట్టుగదికి ఎవరైనా చూసి కోయగలిగే కాగితం కావాలి. ఆ చొక్కాని ఆ పిల్లకి ఇచ్చే ముందు ఏప్రిల్లో నేను టేపుతో కొలిచి కంప్యూటర్‌లో గీశాను కదా, అదే.

ఇలా చెయ్యి: తెర కింద ఎడమ మూలన ఉన్న గుర్తు మీద నొక్కు. అదే స్టార్ట్. వచ్చిన జాబితాలో కత్తెర బొమ్మ ఉన్న ప్రోగ్రాం తెరువు. అందులో ఓపెన్ నొక్కితే డాక్యుమెంట్స్ అనే పసుపు ఫోల్డర్ వస్తుంది. దాంట్లో "అత్త పని" అనే ఇంకో పసుపు ఫోల్డర్. చొక్కా దాంట్లోనే ఉంటుంది.

దొరకగానే రాయి. ఇక్కడ ప్లాన్లు గీసే ఆఫీసులో నా బల్ల కిటికీ పక్కన. పోస్టు తెచ్చే ఆయన గేటు తీయడం ముందు నాకే కనిపిస్తుంది.

నీ కోడలు,
బలపం


జూన్ 5, గురువారం

ఏమే బలపం,

నీ ఉత్తరం తీగ మీద బట్టలకు పెట్టే క్లిప్పుతో తెర అంచుకి తగిలించాను. మీ నాన్న చూసి "కంప్యూటర్‌కి కూడా కొలతలు తీస్తున్నావా అక్కా?" అన్నాడు. "నీ నోటికి తీసుకుని కుట్టేస్తాను, ఇలా రా" అన్నాను. తను నడిపే ట్యాంకరు తాళాలు తీసుకుని పారిపోయాడు.

ముందు నీకు అక్షింతలు. నువ్వు రాసిన స్టార్ట్ లేదు, ఓపెన్ లేదు, డాక్యుమెంట్స్ అసలే లేదు. తెరంతా తెలుగే. ఊరు వెళ్ళే ముందు "అత్తా, నీకోసం భాష మార్చేశా" అని గంతులు వేసింది ఎవరు? నేనా? మళ్ళీ ఉత్తరంలో ఇంగ్లీషు పేర్లు రాస్తావు! అరగంట వెతికాను. మిషను మీద బట్ట అలాగే ఉండిపోయింది.

సరే, పేర్లు పోతే పోనీ, బొమ్మలున్నాయి కదా అని మూల గుర్తు నొక్కాను. అబ్బ! బట్టల కొట్లో తానులు వరసగా పేర్చినట్టు ప్రోగ్రాములన్నీ పైకి లేచొచ్చాయి! ఇన్నాళ్ళూ ఇవన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయా? నేను దాని మీద దారపుండలు పెడుతున్నానే! కత్తెర బొమ్మ దొరికింది. తెరిచాను. తెల్లగా పెద్ద పేజీ వచ్చింది. చేతులెత్తి మొక్కాను, మా అమ్మ తోడు.

కానీ "అత్త పని" నువ్వు చెప్పినచోట లేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. పోయిన నెలలో ఖాళీగా ఉన్న రోజు నేనే సర్దాను. నువ్వు తెరంతా గుండీలు ఒలికిపోయినట్టు ఎక్కడివక్కడ పడేసి వెళ్ళావు. నా గుండీల డబ్బాలు ఎలా ఉంటాయో తెలుసుగా? తెల్లవి తెల్లవాటిలో, నల్లవి నల్లవాటిలో. అలాగే పసుపు బొమ్మని పట్టుకుని ఇంకో పసుపు బొమ్మలో వేశాను, దాన్ని ఇంకో పసుపు దాంట్లో. ఇప్పుడు తెర మీద ఒక్కటే పసుపు బొమ్మ. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో!

మెచ్చుకుంటావనుకున్నాను. తప్పా?

నీ అత్త


జూన్ 8, ఆదివారం

అత్తా! అత్తా!

నీ ఉత్తరం చదివి హాస్టలు మెట్ల మీదే కూర్చుండిపోయాను. పసుపు దాంట్లో పసుపు, దాంట్లో పసుపు! ఏ పెట్టెలో ఏముందో బయటికి కనిపించదు అత్తా. గుండీల డబ్బాకి గాజు మూత ఉంటుంది, దీనికి లేదు. నీకు దండం పెడతాను, ఇక రంగు చూసి ఏదీ సర్దకు.

కానీ భయపడకు. నిజం చెబుతున్నా, నేనే ముందు భయపడ్డాను, తర్వాత లేచి గదిలో గంతులేశాను. ఎందుకంటే నువ్వు దేన్నీ పారేయలేదు. లోపలికి తోశావు, అంతే. కంప్యూటర్‌లో వస్తువు ఎక్కడుందో గుర్తుండక్కర్లేదు, దాని పేరు తెలిస్తే చాలు!

పేర్ల విషయంలో తప్పు నాదే. ఆఫీసు తెర చూసి రాశాను. ఈసారి బొమ్మలే రాస్తున్నాను. మూల గుర్తు పక్కన భూతద్దం బొమ్మ ఉంది. దాని మీద నొక్కి, "చొక్కా" అని కొట్టు. తెలుగు అక్షరాలు ఎలా కొట్టాలో కీబోర్డు కింద అంటించిన చీటీ చూడు. ఆ మాట ఉన్న ఫైళ్ళన్నీ వాటంతట అవే వరసకడతాయి. ఎన్ని పెట్టెల అడుగున ఉన్నా సరే!

ఒకటి కంటే ఎక్కువ వస్తే పై వరసలో "తేదీ" అని ఉన్నచోట నొక్కు. అన్నిటికంటే చివర నేను ముట్టుకున్నది పైకి వస్తుంది. అదే మనకు కావాల్సింది.

ఇంకా ఇరవై రెండు రోజులున్నాయి. మనం తీస్తాం.

బలపం


జూన్ 11, బుధవారం

ఏమే కోడలా,

దొరికిందే! దొరికింది, దొరికింది, దొరికింది! అరిచిన అరుపుకి ఎదురింటి ఆవిడ కిటికీ తీసి "ఏమైంది?" అంది. "చొక్కా దొరికింది" అన్నాను. "ఎవరిది పోయింది?" అంది. ఆవిడకి చెప్పేసరికి నా నోరు నొప్పి పుట్టింది.

భూతద్దం నొక్కి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. ఆ వత్తు దగ్గర కాసేపు కుస్తీ పట్టాను. కొట్టడం అయ్యీ కాకముందే టపటపా తొమ్మిది చొక్కాలొచ్చి పడ్డాయి. పేర్లు చదువుతా విను: "చొక్కా", "చొక్కా కొత్తది", "చొక్కా చివరిది", "చొక్కా చివరిది రెండు", "చొక్కా నిజంగా చివరిది", "చొక్కా ఇదే"... ఒసే, చివరిది అంటే ఎన్ని చివర్లే నీకు? కుట్టేవాళ్ళెవరైనా ఇలా పేర్లు పెడితే ఒకరి లాగు ఇంకొకరికి తొడిగి పంపుతారు.

తేదీ మీద నొక్కాను. అవి చటుక్కున జరిగి వరస మారాయి! అప్పుడు తెలిసింది నాకు. ఇది నా తీగే! గోడ మీద వంకీ తీగకి కొలత చీటీలు గుచ్చుతాను చూడు, నిన్న గుచ్చింది పైన, పోయిన నెలది అడుగున. రంగు పిచ్చిలో పడి సొంత తీగ మరిచిపోయాను. ఈ తేదీ మాట ముందే చెప్పుంటే గుండీల లెక్కన సర్దేదాన్నా?

పైన వచ్చింది "చొక్కా ఇదే". తెరిస్తే నా చొక్కా! ముందు భాగం, వెనక భాగం, నాడాలు కట్టే పట్టీ, అన్నీ సన్నటి గీతల్లో. నా చేతులు కోసిన ఆకారం అద్దంలో చూసుకున్నట్టు ఉంది.

ఇప్పుడేం చేయాలి? ప్రింటు నొక్కనా? వేలు ఆగడం లేదు.

నీ అత్త


జూన్ 14, శనివారం

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసులో బల్ల కింద పెట్టుకుని చదివాను. నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాను. మా పెద్దాయన, అంటే ప్లాన్లన్నీ సరిచూసే డ్రాఫ్ట్స్‌మన్, "మంచినీళ్ళు తాగమ్మా" అన్నారు.

ప్రింటు నొక్కే ముందు ఒక చిన్న పని. ఇక్కడ ప్రతి ప్లాను మూలనా ఒక కొలత గీత ఉంటుంది. కాగితం చేతికొచ్చినవాళ్ళు ముందు ఆ గీతని కొలిచి, సరిపోతేనే మిగతా ప్లానుని నమ్ముతారు. మన చొక్కా మూలన కూడా అలాంటిది పెడదాం. ఆసుపత్రి కుట్టుగదిలో బట్ట కోసే మాస్టరు గారు ముచ్చటపడతారు.

కత్తెర ప్రోగ్రాంలో ఎడమ పక్కన చదరం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి, ఖాళీ చోట నొక్కితే రెండు చిన్న గళ్ళు వస్తాయి. రెండింట్లోనూ 4 అని కొట్టు. మౌస్‌తో లాగకు, అంకె కొట్టు. నాలుగు అంగుళాల చదరం దానంతట అదే పడుతుంది. తర్వాత భద్రపరచు అన్నది నొక్కి ప్రింటు తీయి. మొత్తం పన్నెండు కాగితాలు. అంచులు కలిపి అంటించాలి. అంటించే ముందు చదరం కొలిచి చూడు.

కంప్యూటర్‌లో నువ్వు గీసే మొదటి గీత ఇది! నేను పక్కన లేనందుకు కుళ్ళుగా ఉంది.

బలపం


జూన్ 17, మంగళవారం

బలపం,

గీశాను. గీత కాదే, చదరం! నాలుగు మూలలూ కత్తిరించినట్టు వచ్చాయి. మీ నాన్నని పిలిచి చూపించాను. "నువ్వే గీశావా?" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి టేపుతో ఒకటిచ్చాను.

ప్రింటరు మొదట సగం కాగితాలు కక్కి ఆగింది. నోట్లో కాగితం ఇరుక్కుంది. మిషనులో దారం ఇరుక్కున్నట్టే, మెల్లగా వెనక్కి లాగితే వచ్చేసింది. దానికి నా చెయ్యి తెలిసిపోయింది.

ఇక అసలు సంగతి. చదరం కొలిచాను. మూడు ముప్పావు ఉంది. అడ్డంగా మూడు ముప్పావు, నిలువుగా మూడు ముప్పావు. మళ్ళీ తెర మీద చూశాను. అక్కడ నాలుగే. ఇంకో కాగితం తీశాను. మూడు ముప్పావే.

నేనేమైనా తప్పు నొక్కానా? ఇంకా పదమూడు రోజులే ఉంది. త్వరగా చెప్పు.

నీ అత్త


జూన్ 19, గురువారం

అత్తా,

కంగారు పడకు. తప్పు నొక్కలేదు నువ్వు. తెర మీద నాలుగు ఉందంటే అది నాలుగే. కంప్యూటర్ కొలత తప్పదు అత్తా, నేను చదివిందే అది. తేడా నీ టేపులో ఉంది. నువ్వు మెడలో వేసుకునే ఆ గుడ్డ టేపు నేను స్కూల్లో ఉన్నప్పటిది. గుడ్డ టేపులు వాడగా వాడగా సాగుతాయి. సాగిన టేపుతో కొలిస్తే ఏదైనా తక్కువే చూపిస్తుంది. ఇన్నేళ్ళుగా దాంతో ఎలా కుట్టావో ఏమో! కొత్తది తెచ్చుకో.

కాగితాలు అంటించేసి నిశ్చింతగా పెద్ద నర్సు గారికి ఇచ్చేసి రా. ముప్పై దాకా ఆగక్కర్లేదు. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

బలపం


జూన్ 22, ఆదివారం

చదువుకున్న కోడలు గారికి,

తమరి ఉత్తరం అందింది. తమరు సెలవిచ్చినట్టు నా టేపు సాగిపోయిందేమో అని వడ్రంగి దగ్గరికి వెళ్ళి ఇనుప స్కేలు తెచ్చాను. ఇనుము సాగదనుకుంటాను, తమరికే తెలియాలి. టేపుని స్కేలు పక్కన పెట్టి చూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. చదరాన్ని స్కేలుతో కొలిచాను. మూడు ముప్పావు.

ఆ కాగితాలు ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వను కూడా.

ఇంతవరకూ కోపంతో రాశాను. కలం పక్కన పెట్టి, రెండు జేబులు కుట్టి, మళ్ళీ వచ్చాను. ఇప్పుడు రాసేది నీకు చెప్పకూడదని అనుకున్న మాట.

ఇది కొత్త కాదే. నువ్వు కంప్యూటర్‌లో గీయడం మొదలుపెట్టి రెండేళ్ళు. మొదట గీసింది స్కూలు పిల్లల చొక్కా, గుర్తుందా? కాగితం బట్ట మీద పరిచి చూస్తే కొంచెం చిన్నది. నువ్వేమో తలుపు దగ్గర నిలబడి వేళ్ళు విరుచుకుంటూ "ఎలా ఉంది అత్తా, ఎలా ఉంది?" అంటున్నావు. మన ఇంట్లో ఒక్కరూ చేయని పని చేశావు. "బ్రహ్మాండంగా ఉంది" అన్నాను. నువ్వు వెళ్ళాక అంచు చుట్టూ సుద్దతో పెంచి గీసి కోశాను. తర్వాత ప్రతిసారీ అంతే. పక్కలకి కొంచెం, భుజానికి కొంచెం, మెడ దగ్గర చూసి. పిల్ల కొత్తగా నేర్చుకుంటోంది, గీతలో పొరపాటు ఉంటుంది, రాను రాను అదే దిద్దుకుంటుంది అనుకున్నాను. చెబితే మానేస్తావేమోనని భయం.

ఈ చొక్కాకి కూడా ఎప్పట్లా కలిపేద్దును. కానీ ఆసుపత్రిలో కత్తెర నాది కాదే. కాగితం ఎంత ఉంటే అంతే కోస్తారు. కలపడానికి అక్కడ నేను ఉండను. చేత్తో పెంచుదామంటే పన్నెండు కాగితాల మీద మెడ గుండ్రం అంతా చెడుతుంది. ఆ చిన్న చొక్కా కట్టు మీద బిగుసుకుంటే పాత చొక్కాకి దీనికి తేడా ఏముంది? మళ్ళీ కత్తెరే.

ఎనిమిది రోజులుంది. తప్పు నీదో నాదో తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ పావు అంగుళం ఎక్కడ పోతోందో కనుక్కో.

నీ అత్త


జూన్ 25, బుధవారం

అత్తా,

టేపు గురించి రాసిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కాగితం చింపి పొయ్యిలో వేసెయ్. కళ్ళు తుడుచుకుని రాస్తున్నాను కానీ సంతోషంగానే ఉన్నాను, ఎందుకో విను.

నీ ఉత్తరం చదవగానే ఆఫీసు ప్రింటరు దగ్గరికి పరుగెత్తాను. నేనూ ఒక నాలుగు అంగుళాల చదరం గీసి ప్రింటు తీశాను. నాలుగే వచ్చింది. అంటే గీతలో తప్పు లేదు! మరి ఇంట్లో ఎందుకు తగ్గుతోంది? పెద్దాయన్ని అడిగాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "ఇంటి ప్రింటరు కాగితం అంచుదాకా వెయ్యలేదమ్మా. బొమ్మ పట్టేలా దానంతట అదే కుదించేస్తుంది. సెట్టింగ్స్‌లో తీసెయ్యాలి" అన్నారు. రెండేళ్ళుగా నాకు తెలియని సంగతి ఆయన ఒక్క ఊపిరిలో చెప్పేశారు!

ప్రింటు నొక్కగానే వెంటనే సరే అనకు. ముందొక చిన్న కిటికీ వస్తుంది. దాంట్లో సెట్టింగ్‌లు చూడు. కాగితానికి సరిపెట్టడం గురించి ఏదో ఒక మాట, పక్కన టిక్కు ఉంటుంది. ఆ టిక్కు తీసేసి, నూటికి నూరు అని పెట్టు. నీ తెర మీద తెలుగులో ఏమని ఉందో నాకు తెలియదు, ఊహించి రాస్తున్నాను. ఫోన్ చేస్తే మళ్ళీ "ఎక్కడ?" అంటావు, అందుకే కాగితమే. ఈ ఉత్తరం నీకు ఇరవై ఎనిమిదికి అందుతుంది. ఇంకా రెండు రోజులుంటాయి. అందగానే చెయ్యి. కుట్టు పని ఏదున్నా పక్కన పడెయ్.

బలపం


జూన్ 25, బుధవారం

బలపం! ఒసే బలపం!

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. ఈ ఉత్తరం అక్కడికి వచ్చేసరికి నీది ఇక్కడికి వస్తుంటుందేమో. రానీ. నేనే కనుక్కున్నాను!

పొద్దున్నే ప్రింటు నొక్కాను. ఎప్పుడూ చిన్న కిటికీ వస్తే చదవకుండా సరే కొడతాను, నువ్వు అలాగే కొట్టేదానివి కదా. ఇవాళ కొట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాను. ఆ కిటికీలో కాగితం బొమ్మ చిన్నది ఉంది. దాని లోపల నా చొక్కా ముక్క. చుట్టూ తెల్లటి అంచు. నేను అంత మార్జిన్ వదల్లేదే! కుట్టుకి వదిలింది అర అంగుళం, అది గీతలోనే ఉంది. మరి ఈ తెలుపు ఎవరు వదిలారు? ఎవరో నా బట్టని లోపలికి మడిచారు!

కింద చూస్తే "కాగితానికి సరిపోయేలా కుదించు" అని ఉంది. పక్కన టిక్కు. రెండేళ్ళుగా అక్కడే కూర్చుంది, ఇప్పుడైతే మన భాషలో ఇంత స్పష్టంగా రాసి పెట్టుకుని! ఆ టిక్కు మీద నొక్కితే తెల్ల అంచు పోయి బొమ్మ పెద్దదైంది. పన్నెండు కాగితాలు కాస్తా పదిహేనయ్యాయి. మొదటిది చేతికి రాగానే వడ్రంగి స్కేలు పెట్టాను.

నాలుగు. అడ్డం నాలుగు, నిలువు నాలుగు.

నేల మీద కూర్చుని నవ్వాను. మీ నాన్న "ఏమైంది అక్కా?" అంటే చదరం చూపించాను. ఏమీ అర్థం కాకుండానే తనూ నవ్వాడు. నీ గీతలో తప్పు లేదే. ఏనాడూ లేదు. రెండేళ్ళు నేను సుద్దతో నీ తప్పు దిద్దుతున్నా అనుకున్నాను, దిద్దింది ఈ ప్రింటరు మొహందాని తప్పు!

ఇప్పుడే అంటించడానికి కూర్చుంటున్నాను. జిగురు చేతికంటింది, అందుకే ఈ మరక.

నీ అత్త


జూలై 1, మంగళవారం

బలపం,

నీ ఉత్తరం ఇరవై ఎనిమిదిన వచ్చింది. అప్పటికే కాగితాలు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని బయల్దేరుతున్నాను. దారిలో నిలబడి చదివాను. నూటికి నూరు! ఇద్దరం ఒకే రోజు ఒకే మాట రాసుకున్నామే!

పెద్ద నర్సు తీసుకుంది కానీ, "ముప్పయ్యో తారీఖు మా కుట్టుగది మాస్టరు కోస్తాడు, మీరు ముట్టుకోకూడదు. ఎవరు కోసినా సరిపోవాలి" అంది. అదే కదా అసలు పరీక్ష.

నిన్న వెళ్ళాను. మాస్టరు పెద్ద మనిషి, కళ్ళద్దాలు ముక్కు చివర. కాగితం పరిచి, ముందు చదరం మీద స్కేలు పెట్టాడు. పైకి చూసి, "ఇది ఎవరు గీశారు?" అన్నాడు. "చదరం నేను, చొక్కా మా కోడలు" అన్నాను. కత్తెర తీశాడు. నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ప్రతి మూల దగ్గరా సుద్ద పెట్టాలని వేళ్ళు దురద పెట్టాయి. పెట్టలేదు.

చొక్కా అయ్యాక వార్డుకి తీసుకెళ్ళారు. భుజం నుంచి మణికట్టు దాకా కట్టున్న పిల్ల, ఆరేళ్ళుంటాయి. చొక్కా చూడగానే కళ్ళు మూసుకుంది, కత్తెర వస్తుందనుకుంది పాపం. నర్సు పక్కన తెరిచి, కప్పి, నాడాలు కట్టేసింది. పిల్ల కళ్ళు తెరిచి "అయిపోయిందా?" అంది. "అయిపోయింది" అన్నారు. "మళ్ళీ విప్పి కట్టండి" అంది! ఆటలా మూడుసార్లు విప్పించుకుంది.

ఏడాదికంతా అదే కుట్టిస్తున్నారు. మిగతా కొలతలు కూడా గీసివ్వమన్నారు. మాస్టరు వారానికి ఒకరోజు వచ్చి కట్టు చొక్కాలు కోయడం నేర్పమన్నాడు. నన్నే! ఇక ఆ కొలతలన్నీ నువ్వు గీస్తావో నేను గీస్తానో పోటీ. ఫైలుకి పేరు కూడా మార్చాను. "చివరిది" లేదు, ఏమీ లేదు. "కట్టు చొక్కా, ఆరేళ్ళు", అంతే.

నీ అత్త


జూలై 4, శుక్రవారం

అత్తా,

నీ చివరి రెండు ఉత్తరాలూ పెద్దాయనకి చదివి వినిపించాను. ఆయన మొదటిసారి తల ఎత్తి విన్నారు. "తను వదలని మార్జిన్ చూసి పట్టుకుందా మీ అత్త?" అని అడిగారు. అవునన్నాను. "ఆవిడని ఇక్కడికి పంపించు, నువ్వు అక్కడికి వెళ్ళు" అన్నారు. ఆఫీసంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

"మళ్ళీ విప్పి కట్టండి" అన్న మాట రోజంతా నా చెవిలో ఉంది. బల్ల మీద నాలుగు అంగుళాల చదరం ఒకటి అంటించుకున్నాను. ప్రతి ప్లాను ప్రింటు తీయగానే ఇప్పుడు ముందు మూలనున్న గీత కొలుస్తాను. తెర మీద ఉంది కదా అని ఊరుకోవడం మానేశాను.

కొలతలు గీయడంలో పోటీకి సిద్ధమే. ఓడిపోతానని తెలిసే ఒప్పుకుంటున్నాను.

ఇంకో మాట అత్తా. ఉద్యోగంలో మొదటి రోజు వేసుకున్న నీలం కుర్తా గుర్తుందా? నేనే కోసి నేనే కుట్టాను, ఎంత చక్కగా అమరిందో అని ఇక్కడ అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. నిన్న నీ ఉత్తరం మడిచి పెట్టాక, ఎందుకో ఆ కుర్తా తీసి లోపలి వైపు తిరగేసి చూశాను. చంకల దగ్గర రెండో కుట్టు ఉంది. దగ్గరదగ్గరగా, సన్నగా, సూటిగా. నాకు ఇప్పటికీ అలా కుట్టడం రాదు.

నేను ఆ రాత్రి పెట్టె సర్దుకుని పడుకున్నాక ఎప్పుడు కుట్టావు? అదొక్కటేనా? నేను మూడో తరగతిలో ఉండగా నీకు అక్షరాలు దిద్దించినప్పుడు "ఇలా రాస్తే తప్పు" అని నేను చెప్పిన తప్పులకి కూడా నువ్వు తల ఊపావేమోనని ఇప్పుడు అనుమానంగా ఉంది. నాకు తెలియకుండా ఇంకెక్కడెక్కడ ఎంతెంత కలుపుతూ వచ్చావో అన్నీ ఒక కాగితం మీద రాసి పంపు. నేనేమీ మానేయను. అన్నీ తెలుసుకుని, నూటికి నూరు ఎంతో ఒకసారి చూసుకుంటాను.

ఒక్కటి కూడా దాచకుండా, జూలై పదిహేను లోగా జవాబు రాయి.

నీ కోడలు,
బలపం